చెవి కింద గడ్డ: ఏ పరీక్ష, ఏ ఆపరేషన్, చెన్నైలో ఎక్కడ

మా మావయ్యది నాయుడుపేట. 2011లో ఆయనకు ఎడమ చెవి తమ్మె కింద రేగుపండంత గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఇంట్లో గవద అన్నారు, పసుపు పట్టు వేశారు. తగ్గకపోయేసరికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. "కొవ్వు గడ్డ, అక్కడికక్కడే మత్తుసూది వేసి అర్ధగంటలో తీసేస్తాం" అన్నారు. అన్నట్టే తీసేశారు. తీసిన గడ్డను పరీక్షకు పంపారా అని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

పదకొండేళ్ల తర్వాత, 2022 దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక "ఇక్కడ చెయ్యి పెట్టి చూడరా" అని నా వేళ్లు పట్టుకుని ఆ పాత మచ్చ మీద పెట్టాడు. చర్మం కింద నానబెట్టిన శనగల్లాంటివి తగిలాయి. ఒకటి కాదు, ఏడో ఎనిమిదో. నొక్కితే కొన్ని జారుతున్నాయి, కొన్ని మచ్చకే అతుక్కుని ఉన్నాయి.

ఆ శనగలేమిటో తేలడానికి మాకు చెన్నైలో మూడు ఆసుపత్రులు, రెండు సూది పరీక్షలు, ఒక ఎమ్మారై పట్టాయి. నేను డాక్టర్ని కాను, వేళచేరిలో అకౌంట్స్ పని చేసుకునేవాణ్ణి. అయినా అప్పట్నుంచి సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు వైపు మా చుట్టాల్లో ఎవరికి దవడ దగ్గర గడ్డ వచ్చినా ఫోన్ నాకే వస్తోంది. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. దీన్ని చదివి సొంతంగా వైద్యం నిర్ణయించుకోకండి. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడం కోసం వాడుకోండి.

ముందే ఒక మాట. ఆసుపత్రి పెద్దదా చిన్నదా, మిషన్ కొత్తదా పాతదా అన్న లెక్కలన్నీ తర్వాత. లాలాజలం, అంటే ఉమ్మి, తయారుచేసే గ్రంథుల్లో లేచే ఈ గడ్డల విషయంలో మొదటి ఆపరేషన్ ఎవరి చేతిలో పడింది, వాళ్లు కత్తి పట్టేముందు ఏం తెలుసుకున్నారు అన్నదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. రెండోసారి చేయాల్సి వస్తే ఎంత మంచి సర్జన్‌కైనా పని కష్టమవుతుంది. మావయ్య విషయంలో అదే జరిగింది.

కణితి కానివి

అన్నం ముందు కూర్చోగానే దవడ కింద ఉబ్బి, తిన్న గంటా రెండు గంటలకు దానంతట అదే తగ్గిపోతుంటే చాలావరకు అది రాయి. ఉమ్మి వచ్చే గొట్టంలో రాయి అడ్డం పడితే ఉసిరికాయ ఊరగాయ తలుచుకున్నా ఉబ్బుతుంది. ఈ రాళ్లలో నూటికి ఎనభై దాకా దవడ కింది గ్రంథిలోనే పుడతాయి. పిల్లలకు జ్వరంతో రెండు వైపులా వాస్తే గవదలు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు, మందు ఎక్కువగా తాగేవాళ్లకు రెండు చెంపలూ నొప్పి లేకుండా నిండుగా కనిపిస్తాయి. వేలు పెట్టి వెతికితే అందులో విడిగా గడ్డంటూ దొరకదు.

నోరూ కళ్లూ ఎండిపోతూ గ్రంథులు ఉబ్బేవాళ్లలో షోగ్రెన్ అనే జబ్బు ఉందేమో చూస్తారు. ఆ జబ్బున్నవాళ్లకు గ్రంథిలో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. కాబట్టి ఒకవైపు కొత్తగా గట్టిపడితే ఆగకూడదు. ఇక మన దేశంలో టీబీని మరచిపోవడానికి లేదు. చెవి ముందున్న గ్రంథి లోపల కూడా లింఫ్ బిళ్లలు ఉంటాయి, టీబీ అక్కడికీ చేరుతుంది.

ఒకే వైపు, ఒకే చోట, వేలికి స్పష్టంగా తగిలే గడ్డ రెండు మూడు వారాలకు తగ్గలేదంటే కణితి అనుకునే పరీక్షలు మొదలుపెట్టాలి. ఒక యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక ఇంకోటి వేసుకుంటూ ఆరు నెలలు గడిపేసినవాళ్లను ఇద్దర్ని చూశాను.

ఏ గ్రంథి అన్నదే మొదటి ప్రశ్న

లాలాజల గ్రంథుల్లో పెద్దవి మూడు జతలు. చెవి ముందు నుంచి తమ్మె కింద దాకా ఉండేది పరోటిడ్. దవడ ఎముక కింద సబ్‌మాండిబ్యులర్. నాలుక కింద సబ్‌లింగ్వల్. ఇవి కాక పెదవుల్లో, బుగ్గల లోపల, అంగిట్లో చిన్న చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. మొత్తం కణితుల్లో నూటికి ఎనభై దాకా పరోటిడ్‌లోనే వస్తాయి. అలా వచ్చినవాటిలో మళ్లీ నూటికి ఎనభై దాకా క్యాన్సర్ కానివే.

గ్రంథి చిన్నదయ్యేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. దవడ కింది గ్రంథిలో కణితి అయితే క్యాన్సర్ అవకాశం సగానికి దగ్గర్లో ఉంటుంది. అంగిట్లో పుట్టేవాటిలో సగం దాకా, నాలుక కింద పుట్టేవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్లే. అందుకే చెవి కింద నిమ్మకాయంత గడ్డ ఉన్నవాళ్ల కంటే అంగిట్లో చింతగింజంత గడ్డ ఉన్నవాళ్లనే నేను ముందు పరుగెత్తమంటాను. అంగిట్లోది పైకి నున్నగా, పుండు పడకుండా ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కట్టుడు పళ్లు ఈమధ్య సరిగ్గా కూర్చోవడం లేదని డెంటిస్టు దగ్గరికి పోయినప్పుడు బయటపడినవాళ్లు ఉన్నారు.

ముందు ముఖం, తర్వాత గడ్డ

మేం వెళ్లిన మొదటి ఆసుపత్రి ఓపీలో డాక్టరమ్మ "కట్టి ఎత్తన నాళా ఇరుక్కు?" అని అడిగింది. మావయ్య కంగారుగా జేబు తడుముకుంటూ "అప్పుడే కట్టేశాం గదమ్మా, రశీదు చూపించమంటావా?" అన్నాడు. తమిళంలో కట్టి అంటే గడ్డ. ఎన్నాళ్ల నుంచి ఉంది అని ఆమె అడిగింది. చెన్నై ఆసుపత్రులకు మొదటిసారి వచ్చేవాళ్లు ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకుంటే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

గడ్డను ముట్టుకునే ముందు ఆమె చేసిన పని నాకు బాగా నచ్చింది. "విజిల్ అడింగ" అంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, డాక్టర్ ముందు ఈల వేయడానికి సిగ్గుపడ్డాడు. తర్వాత కళ్లు గట్టిగా మూయమని, తన వేళ్లతో రెప్పలు విప్పబోయింది. నుదురు ముడవమంది, పళ్లు చూపించమంది, బుగ్గలు పూరించమంది. ముఖాన్ని కదిలించే నరం చెవి వెనకాల ఎముకలోంచి బయటికొచ్చి, సరిగ్గా పరోటిడ్ గ్రంథి మధ్యలోంచి అయిదు కొమ్మలుగా చీలి నుదుటికి, కంటికి, బుగ్గకి, పెదవి మూలకి, మెడకి పోతుంది. గ్రంథిలో ఏ కణితి పుట్టినా ఆ నరానికి ఇరుగుపొరుగే. క్యాన్సర్ కాని గడ్డ ఎంత పెరిగినా మామూలుగా ఆ నరాన్ని చంపదు, పక్కకు నెడుతుందంతే. కాబట్టి గడ్డ ఉన్న వైపు కన్ను పూర్తిగా మూతపడకపోయినా, పెదవి మూల జారినా క్యాన్సర్ అనే అనుమానంతోనే పరీక్షలు నడపాలి. "చలిగాలి కొట్టింది, పక్షవాతం తగిలింది" అని నాటు మందుకు పోతే విలువైన నెలలు పోతాయి.

మిగతా హెచ్చరికలు కూడా చెబుతాను. విడవకుండా నొప్పి, వారాల్లోనే కనిపించే పెరుగుదల, చర్మానికో ఎముకకో అతుక్కుని కదలకపోవడం, మెడలో బిళ్లలు, చెంపో నాలుకో తిమ్మిరెక్కడం. పదేళ్లుగా ఊరికే ఉన్న గడ్డ ఉన్నట్టుండి పెరగడం మొదలుపెడితే అదీ ఇదే కోవలోకి వస్తుంది.

సూది, లావు సూది, కత్తి

మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. గడ్డ గ్రంథిలో ఉందా బయట ఉందా, నీటి సంచా గట్టి కణితా, మెడలో బిళ్లలున్నాయా చెబుతుంది. దవడ ఎముక వెనకాల దాక్కున్న లోపలి భాగం మాత్రం దానికి కనిపించదు.

తర్వాతది సన్నసూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ. రక్తం తీసే సూదంత సన్నదానితో గడ్డలోంచి కణాలు లాగి గాజు పలక మీద రాస్తారు. అయిదు నిమిషాల పని. "సూది పొడిస్తే గడ్డ చెలరేగుతుంది, క్యాన్సర్ పాకుతుంది" అని ఊళ్లో నమ్మకం గట్టిగా ఉంది. సన్నసూదితో అలా పాకడం చెప్పుకోదగ్గంత కూడా లేదు. ఈ పరీక్షకు అసలు లోపం ఇంకోటుంది. కణాలు విడివిడిగా వస్తాయి కాబట్టి, అవి ఏ అమరికలో ఉండేవో తెలియదు. ఇటుకలు చూసి ఇల్లు చెప్పమన్నట్టు ఉంటుంది. క్యాన్సర్ అని గట్టిగా చెబితే నమ్మవచ్చు. "క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అంటే మాత్రం గడ్డ తీరును, స్కాన్‌ను పక్కన పెట్టుకుని చదవాలి. మావయ్యకు మొదటిసారి చేసినప్పుడు "సరిపడా కణాలు లేవు" అని వచ్చింది. ఆయన అది మంచి వార్త అనుకుని ఇంటికి పోదామన్నాడు. అది ఏ వార్తా కాదు, పరీక్ష జరగనట్టే లెక్క. రెండోసారి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీశారు, తేలింది. మీరు మొదటిసారే అలా చూస్తూ తీయమని అడగండి.

కోర్ బయాప్సీ అంటే కాస్త లావు సూదితో, అక్కడ మత్తిచ్చి, దారప్పోగులాంటి ముక్క తీయడం. ముక్క కాబట్టి అమరిక కనిపిస్తుంది, రంగుల పరీక్షలు చేయవచ్చు. సన్నసూది రెండుసార్లు తేల్చలేకపోయినా, లింఫోమా అనుమానం ఉన్నా, ఆపరేషన్ కుదరని పెద్ద క్యాన్సర్ అయినా ఇది మేలు. అందరికీ మొదటే చేయాల్సిన పని లేదని నా అభిప్రాయం. చేస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే చేయి కావాలి.

ఇక కత్తితో కోసి గడ్డలోంచి ముక్క తీసే బయాప్సీ. చెవి కింద, దవడ కింద ఉన్న గడ్డకు ఎవరైనా ఇది చేస్తామంటే "ముందు సూది పరీక్ష ఎందుకు వద్దు?" అని అడిగి, జవాబు నచ్చకపోతే లేచి వచ్చేయండి. గడ్డ పొర చీలి కణాలు చుట్టూ చిందుతాయి, నరం తెగే ప్రమాదం ఉంది, మచ్చ తర్వాతి ఆపరేషన్‌కు అడ్డం. అంగిట్లో, పెదవిలో ఉన్న చిన్న గ్రంథుల గడ్డలకు మాత్రం ఈ నియమం వర్తించదు. అక్కడ చిన్న ముక్క నేరుగా తీయడమే మామూలు పద్ధతి.

స్కాన్లలో ఎమ్మారైదే పైచేయి. గడ్డ నరానికి ఏ వైపు ఉంది, లోపలి భాగంలోకి, గొంతు పక్కకు దిగిందా, నరం వెంట పుర్రె వైపు పాకుతోందా అన్నవి అందులో బాగా తెలుస్తాయి. పైపైన జారే చిన్న గడ్డకు, సూది పరీక్షలో క్యాన్సర్ కాదని వస్తే, కొందరు సర్జన్లు ఎమ్మారై లేకుండానే వెళ్తారు. అది తప్పని నేననను. పాత ఆపరేషన్ మీద మళ్లీ వచ్చినదైతే మాత్రం ఎమ్మారై తప్పనిసరి. చేతికి ఏడెనిమిది తగిలిన మావయ్యకు ఎమ్మారైలో పద్నాలుగు కనిపించాయి. సీటీ రాయి ఉందేమో చూడటానికి, ఎముక తిన్నదేమో చూడటానికి పనికొస్తుంది. పెట్ స్కాన్ క్యాన్సర్ అని తేలాక, అదీ ఉధృతమైన రకమైతే, ఎక్కడెక్కడికి పోయిందో చూడటానికి. గడ్డ మంచిదా చెడ్డదా తేల్చడానికి ముందే పెట్ రాస్తే డబ్బు దండగ. వార్తిన్ కణితి అని ఒకటుంది, క్యాన్సర్ కాదు, కానీ పెట్‌లో దీపంలా వెలుగుతుంది. ఆ వెలుగు చూసి ఒక ఇంటిల్లిపాదీ వారం రోజులు ఏడ్చారు.

రిపోర్టు చదవడం

లాలాజల గ్రంథుల సూది పరీక్షలకు మిలాన్ పద్ధతి అని 2018 నుంచి ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. మంచి ల్యాబ్ అయితే రిపోర్టు చివర మిలాన్ వర్గం రాస్తుంది. ఒకటి అంటే సరిపడా కణాలు లేవు. రెండు, కణితి కాదు, వాపు లాంటిది. మూడు, తేల్చలేని తేడా. నాలుగు 'ఎ', క్యాన్సర్ కాని కణితి. నాలుగు 'బి', కణితే కానీ మంచిదో చెడ్డదో చెప్పలేం. అయిదు, క్యాన్సర్ అనుమానం. ఆరు, క్యాన్సర్. నాలుగు 'ఎ' వచ్చినవాళ్లలో చివరికి క్యాన్సర్ తేలేది నూటికి అయిదుకు లోపే. ఆరు వచ్చినవాళ్లలో నూటికి తొంభై, అంతకు పైనే. మధ్యలోవి, ముఖ్యంగా నాలుగు 'బి', సర్జన్ అనుభవంతో పని పడే చోటు.

ఈ కణితుల్లో 30కి పైగా రకాలున్నాయి. ఒకదానికొకటి పోలి ఉంటాయి. రోజూ ఇవే చూసే పాథాలజిస్టు (కణాలను పరీక్షించి జబ్బు తేల్చే డాక్టర్) చెప్పినదానికీ, ఏడాదికి రెండు చూసేవారు చెప్పినదానికీ తేడా రావచ్చు. అందుకే ఊరి నుంచి వచ్చేటప్పుడు కాగితం ఒక్కటే తేకండి. గాజు పలకలు, గడ్డ ముక్కను దాచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. మావయ్య 2011 నాటి బ్లాకు కోసం నేను ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, "అప్పటివి ఏవీ లేవు" అని కౌంటర్లోని అమ్మాయి తల కూడా ఎత్తకుండా చెప్పింది.

ఆగవచ్చా, తీయించాలా

క్యాన్సర్ కానివాటిలో ఎక్కువగా కనిపించేవి రెండు. మొదటిది ప్లియోమార్ఫిక్ అడినోమా. మావయ్యది ఇదే. ఏళ్లకేళ్లు నిదానంగా పెరుగుతుంది, నొప్పి ఉండదు. అయినా తీయించేయమనే అంటారు, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ కొన్నిటిలో క్యాన్సర్ పుడుతుంది. మొదటి అయిదేళ్లలో నూటికి ఒకటీ రెండూ, పదిహేనేళ్లు దాటితే నూటికి పదికి దగ్గర్లో అని పాఠ్యపుస్తకాల లెక్క. నలభై ఏళ్ల మనిషికి ఇది ఆగే గడ్డ కాదు. గుండె జబ్బుతో మత్తుకు తట్టుకోలేని ఎనభై ఏళ్ల వాళ్లకు ఆగడం కూడా సబబైన నిర్ణయమే.

రెండోది ఇందాక చెప్పిన వార్తిన్. సిగరెట్, బీడీ తాగేవాళ్లలో ఎక్కువ. ఒక్కోసారి రెండు వైపులా వస్తుంది. క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. సూది పరీక్షలో స్పష్టంగా తేలితే, ఇబ్బంది లేకపోతే, అల్ట్రాసౌండ్ చూసుకుంటూ ఆగవచ్చు. ఆపరేషన్ చేయించాల్సిందే అని తొందరపెడితే ఇంకొకర్ని అడగండి. బీడీ మాత్రం మానాల్సిందే, గడ్డ కోసం కాకపోయినా.

గడ్డ ఒక్కటే తీస్తాం అన్నప్పుడు

ఈ మాటకు రెండు అర్థాలున్నాయి, ఇక్కడే జనం మోసపోతారు. ఒకటి పాత పద్ధతి. గడ్డ పొరను చీల్చి, తాటికాయలోంచి ముంజె తీసినట్టు లోపలిది ఊడదీయడం. ప్లియోమార్ఫిక్ అడినోమా పొర అన్నిచోట్లా ఒకే మందాన ఉండదు. కొన్నిచోట్ల కణితి మొగ్గలు పొరను దాటి పొడుచుకొస్తాయి. లోపలిది తీస్తే ఆ మొగ్గలు అక్కడే మిగులుతాయి. గడ్డ చేతిలో పూర్ణం బూరెలా పగిలితే కణాలు గాయమంతా చల్లుకుంటాయి. పదేళ్లకు అవే శనగలు. ఈ పద్ధతిలో తిరిగి రావడం నూటికి ఇరవై నుంచి నలభై దాకా ఉండేది. చుట్టూ ఉన్న గ్రంథితో కలిపి తీస్తే నూటికి అయిదుకు లోపే.

రెండో అర్థం ఎక్స్‌ట్రాక్యాప్సులర్ డిసెక్షన్. పొరను ముట్టుకోకుండా, చుట్టూ పలచటి మంచి గ్రంథి పొరతో సహా గడ్డను బయటికి తేవడం. చిన్నగా, పైభాగంలో, జారుతూ ఉండి, సూది పరీక్షలో క్యాన్సర్ కాదని వచ్చిన గడ్డకు ఇది బాగుంటుంది. గ్రంథి మిగులుతుంది, చెంప గుంట పడటం తక్కువ, నరానికి తాత్కాలిక బలహీనత కూడా తక్కువ. అయితే ఇందులో నరాన్ని మొదటినుంచీ వెతికి పట్టుకోరు కాబట్టి, అది ఎటుపోతుందో కళ్లు మూసుకున్నా తెలిసిన సర్జనే చేయాలి. పెద్ద ఆపరేషన్లు వందల్లో చేసినవాళ్లు ఈ చిన్నది చేస్తామంటే ఒప్పుకుంటాను. పెద్దది రాక చిన్నది చేస్తామనేవాళ్లను ఒప్పుకోను.

అన్నిటికీ మధ్యస్థం సూపర్‌ఫిషియల్ పరోటిడెక్టమీ. నరం కాండాన్ని చెవి దగ్గర పట్టుకుని, కొమ్మకొమ్మా విడదీసుకుంటూ, నరానికి పైనున్న గ్రంథి భాగాన్ని గడ్డతో సహా తీస్తారు. ఈమధ్య గడ్డ చుట్టూ అవసరమైనంత మేరకే తీసే సగం పద్ధతి కూడా ఎక్కువగా చేస్తున్నారు. గడ్డ నరానికి లోపలి వైపు ఉంటే నరాన్ని ఎత్తి పట్టుకుని కింద ఉన్నదీ తీయాలి. దవడ కింది గ్రంథిలో అయితే ఈ చర్చే లేదు, గ్రంథి మొత్తం తీసేస్తారు. అక్కడ కాపాడాల్సినవి పెదవి మూలను దించే నరం, నాలుక స్పర్శ నరం, నాలుకను కదిపే నరం.

నేను అడగమనే ప్రశ్నలు నాలుగే. పూర్తి మత్తా, అక్కడికక్కడే మత్తా? చెవి కింది గడ్డకు అక్కడికక్కడే అంటే నాకు 2011 గుర్తొస్తుంది. గడ్డ చుట్టూ మంచి గ్రంథి ఎంత వస్తుంది? మీరు ఏడాదికి పరోటిడ్‌లు ఎన్ని చేస్తారు? ఆపరేషన్ మధ్యలో ముక్కను పరీక్షించే ఫ్రోజెన్ సెక్షన్ ఉందా? ఆపరేషన్ జరుగుతుండగా ముఖం నరం పనిచేస్తోందో లేదో చూపే నరం మానిటర్ ఉందా అని కూడా అడుగుతారు కొందరు. ఉంటే మంచిదే, ముఖ్యంగా రెండోసారి చేసేటప్పుడు. అది చేతి పనితనానికి బదులు మాత్రం కాదు. సర్జన్ ఈఎన్‌టీ అయినా, క్యాన్సర్ సర్జన్ అయినా, దవడ సర్జన్ అయినా, ప్లాస్టిక్ సర్జన్ అయినా నాకు పట్టింపు లేదు. మూడో ప్రశ్నకు తడుముకోకుండా అంకె చెప్పాలి.

క్యాన్సర్ అని తేలితే

ఇక్కడ ఒక్క మాట పట్టుకుని భయపడకండి, రకం అడగండి. మ్యూకోఎపిడెర్మాయిడ్ అనే క్యాన్సర్‌లో నెమ్మదైన రకం ఆపరేషన్‌తోనే చాలామందికి నయమవుతుంది, ఉధృతమైనది అలా కాదు. అడినాయిడ్ సిస్టిక్ నెమ్మదిగా కదులుతుంది కానీ నరాల వెంట పాకుతుంది, పదేళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో తేలగలదు. అయిదేళ్లు దాటాయి కదా అని దానికి చెకప్ మానడానికి వీల్లేదు. శాలివరీ డక్ట్ క్యాన్సర్ మొదటినుంచీ దూకుడే.

వైద్యంలో మొదటి మెట్టు ఆపరేషనే. ముఖం నరం ఆపరేషన్‌కు ముందు బాగా పనిచేస్తూ, కణితి దాన్ని చుట్టేయకుండా ఉంటే కాపాడతారు. ముందే చచ్చుబడి ఉంటే కణితితో పాటు తీసి, కాలి నుంచో మెడ నుంచో తెచ్చిన నరాన్ని అతికిస్తారు. మెడలో బిళ్లలుంటే అవీ తీస్తారు, లేకపోయినా ఉధృతమైన రకమైతే చాలామంది తీస్తారు. అంచుల్లో కణితి మిగిలినా, నరాల్లోకి, బిళ్లల్లోకి పోయినా, రకమే ఉధృతమైనా తర్వాత రేడియేషన్ ఇస్తారు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాల పైచిలుకు. మొదలుపెట్టకముందే పళ్ల డాక్టర్‌కి చూపించండి. రేడియేషన్ పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది.

కీమో ఇక్కడ అందరికీ ఇచ్చేది కాదు. ఇతర అవయవాలకు పాకినప్పుడు మాట వేరు. అప్పుడు కణితి ముక్క మీద హెచ్ఈఆర్2, ఆండ్రోజెన్ రిసెప్టర్, ఎన్‌టీఆర్‌కే పరీక్షలు చేయించారా అని అడగండి. కొన్ని రకాలకు వాటిని గురిపెట్టే మందులున్నాయి.

ప్రోటాన్ రేడియేషన్ గురించి అందరూ అడుగుతారు. తరమణిలోని అపోలో ప్రోటాన్ కేంద్రం 2019లో మొదలైంది, దక్షిణాసియాలో అదే మొదటిది. పుర్రె అడుగుకు పాకిన కణితికి, ఒకసారి రేడియేషన్ అయినచోట మళ్లీ ఇవ్వాల్సి వస్తే, చిన్నపిల్లలకు దాని గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. మామూలు పరోటిడ్ క్యాన్సర్‌కు మామూలు మిషన్ మీద ఇచ్చే ఐఎంఆర్‌టీ అనే రేడియేషన్ పద్ధతి చాలు. పొలం అమ్మి ప్రోటాన్‌కు పోవాలా అని ఒకరు అడిగారు. ఆ డాక్టర్‌నే "ఐఎంఆర్‌టీతో నాకు ఏం నష్టం, మాటల్లో చెప్పండి" అని అడగమన్నాను. అమ్మలేదు.

చెన్నైలో ఎక్కడ

చెన్నై సెంట్రల్‌లో సూళ్లూరుపేట లోకల్ దిగి రోడ్డు దాటితే ఎదురుగా కనిపించేది జీహెచ్, రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్. మద్రాస్ మెడికల్ కాలేజీకి అనుబంధం. ఈఎన్‌టీ, క్యాన్సర్ సర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ అన్నీ ఒకే ఆవరణలో. క్యాన్సర్ కాని గడ్డకు డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లను నేను అక్కడికే పంపుతాను. గుంపు ఉంటుంది, తేదీకి తిరగాలి, తోడు మనిషికి ఓపిక ఉండాలి. కానీ ఏడాదికి ఎన్ని చేస్తారన్న ప్రశ్నకు అలాంటి పెద్దాసుపత్రిలో జవాబు వెతుక్కోనక్కర్లేదు.

సూది పరీక్షలో మిలాన్ వర్గం అయిదో ఆరో వస్తే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు మొదలుపెట్టింది. సర్జన్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్టు ఒకే గొడుగు కింద ఉండటం క్యాన్సర్‌కు ముఖ్యం. ప్రైవేటులో తల, మెడ సర్జరీకి విడి విభాగం ఉన్నవి నగరంలో చాలానే ఉన్నాయి. తేదీ త్వరగా దొరుకుతుంది, గది దొరుకుతుంది, తెలుగు వచ్చిన మనిషి హెల్ప్ డెస్క్‌లో ఉంటారు. ప్యాకేజీ అడిగేటప్పుడు ఫ్రోజెన్ సెక్షన్, తుది బయాప్సీ, నరం మానిటర్ అందులో ఉన్నాయా అని రాయించుకోండి. మాకు ఒకచోట మానిటర్ తీగల ఖర్చు విడిగా పడింది.

చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లకు బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. ఇంకో చిట్కా: ఆపరేషన్ చెన్నైలో చేయించినా ఆరు వారాల రేడియేషన్ అక్కడే తీసుకోవాలని లేదు. తిరుపతిలో టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నెల్లూరు వాళ్లకు చెన్నైలో నెలన్నర గది అద్దె మిగులుతుంది. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, ముందటి ఎమ్మారై సీడీ తీసుకెళ్తే చాలు. ఎక్కువ ఆలస్యం చేయకూడదు, గాయం మానగానే మొదలవ్వాలి.

ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పొరుగు రాష్ట్రంలో అన్ని చోట్లా చెల్లదు. ఆసుపత్రి జాబితాలో ఉందా, మీ ఆపరేషన్ అక్కడ వర్తిస్తుందా అన్న రెండూ అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టేవాళ్లు ఒరిజినల్ బిల్లులు ఒక్కటీ పారేయకండి.

తర్వాత

మావయ్య రెండో ఆపరేషన్ అయిదున్నర గంటలు పట్టింది. మచ్చ కండలో నరం కొమ్మల్ని వెతుక్కోవడానికే సగం సమయం పోయిందని సర్జన్ చెప్పారు. మర్నాడు ఎడమ కన్ను మూతపడలేదు. పగలు చుక్కలు, రాత్రి రెప్పకు ప్లాస్టర్ వేసి పడుకోవడం నాలుగు నెలలు నడిచింది. తర్వాత కన్ను వచ్చింది. నవ్వితే పెదవి మూల కొంచెం వెనకబడుతుంది, తెలిసినవాళ్లు చూస్తేనే. మొదటిసారి ఆపరేషన్ అయ్యేవాళ్లలో కొంతమందికి ఇలాంటి బలహీనత వారాలో నెలలో ఉండి తర్వాత తగ్గిపోతుంది. శాశ్వతంగా మిగిలేది అనుభవమున్న చేతుల్లో నూటికి అయిదుకు లోపే. చెవి తమ్మె మొద్దుబారడం మాత్రం చాలామందికి ఉంటుంది. కమ్మల శీల బిగిసిందో లేదో తెలియడం లేదని ఆడవాళ్లు చెబుతారు.

మావయ్య బయాప్సీలో క్యాన్సర్ రాలేదు. కానీ అన్ని గింజలూ వచ్చాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు, ఇలా చల్లుకున్నవి మళ్లీ రావచ్చు. రేడియేషన్ గురించి కూడా మాట్లాడారు. చివరికి ఏడాదికోసారి ఎమ్మారై చూసుకుంటూ ఆగుదామన్నారు.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే చెవి ముందు నుంచి చెమట చుక్క కారి కంచంలో పడింది. ఫ్యాన్ తిరుగుతోంది, కుడి చెంప పొడిగా ఉంది. ఫ్రే సిండ్రోమ్ అంటారు. గ్రంథికి పోయే తెగిన నరం పోగులు చెమట గ్రంథుల్ని వెతుక్కుని అతుక్కుంటాయి, నోట్లో ఊరాల్సింది చెంప మీద ఊరుతుంది. ఇబ్బందయితే బోటాక్స్ సూది ఉంది. "సూదులు చాలు" అన్నాడు మావయ్య. భోజనానికి కూర్చుంటే అత్త కంచంతో పాటు ఎడమ చేతి పక్కన ఒక తువ్వాలు పెడుతుంది. వచ్చే ఎమ్మారై సంక్రాంతి అయ్యాక. పాత సీడీలు మా బీరువా మీదే ఉన్నాయి.